సముద్రంలో మునిగి, వెంటనే కొండెందుకు ఎక్కకూడదు?

గోలీసోడా కొట్టగానే ఏమవుతుంది? గోలీ కిందికి జారుతుంది, బుస్సుమని బుడగలు పొంగుతాయి. ఒత్తిడికి నీళ్లలో కరిగి ఉన్న గ్యాసు, ఒత్తిడి తగ్గగానే బయటపడుతుంది. మన ఒంట్లోనూ ఇలా జరగొచ్చు!

ఈజిప్టులోని సీనాయి ద్వీపకల్పంలో ఎర్రసముద్రం, ఎడారి, కొండలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడి దహబ్ తీరంలో డైవర్లు సిలిండర్‌లోని గాలి పీలుస్తూ మునుగుతారు. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పెరుగుతుంది. దాంతో గాలిలోని నైట్రోజన్ రక్తంలో ఎక్కువగా కరుగుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితోపాటు బయటికి పోతుంది. గబగబా వస్తే బుడగలై కీళ్లను పీడిస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

పైకొచ్చాక కూడా కొంత నైట్రోజన్ ఒంట్లోనే ఉంటుంది. సీనాయి కొండ ఎత్తు 2,285 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి మళ్లీ బుడగల భయం! అందుకే డైవింగ్ అయ్యాక ఒక రోజు ఆగి కొండెక్కడం మంచిది.

మరి మన వ్యవసాయ బావిలో? ఒక్క ఊపిరితో కాసేపే మునుగుతాం కాబట్టి అంత నైట్రోజన్ కరగదు. కానీ అడుక్కి వెళ్తే చెవులు నొప్పెడతాయి చూడండి, అదీ నీటి ఒత్తిడి పనే. ఈతకు మాత్రం పెద్దవాళ్లు తోడుండాల్సిందే!