పావు టన్ను చలువ

ఏసీ కొనడానికి వెళ్తే దుకాణదారు ముందు గది కొలతలు అడుగుతాడు, ఆ వెంటనే టన్నులు చెబుతాడు. "మీకు ఒకటిన్నర టన్నుది పడుతుందండీ" అంటాడు. ఇద్దరు కుర్రాళ్లు మోసుకొచ్చి గోడకు తగిలించే యంత్రంలో ఆ టన్నున్నర ఎక్కడుందో ఆయనా చెప్పడు, మనమూ అడగం. అది మంచు లెక్క. ఒక టన్ను మంచు ఒక రోజంతా కరుగుతూ ఎంత వేడిని మింగుతుందో, అంత వేడిని గదిలోంచి బయటికి తోడేసేది ఒక టన్ను ఏసీ. టన్నంటే ఇక్కడ అమెరికా వాళ్ల చిన్న టన్ను, 907 కిలోలు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. రెండూ గుణించి రోజులోని 86,400 సెకన్లతో భాగిస్తే మూడున్నర కిలోవాట్లు వస్తాయి. మోటార్ల బలాన్ని గుర్రాలతో కొలిచినట్టే చలువ యంత్రాల బలాన్ని మంచుగడ్డలతో కొలిచారు. గుర్రాలు పోయినా, మంచు పోయినా కొలతలు మాత్రం మిగిలాయి.

ఆ మంచును మన దేశంలో మొదట టన్నుల లెక్కన దించింది కలకత్తా రేవులో. 1833 మే నెలలో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయల్దేరింది. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి వేడి దేశాలకు అమ్ముకునే ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి సరుకు అది. ఓడ అట్లాంటిక్ దిగి, ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సెప్టెంబరులో హుగ్లీ నదిలోకి వచ్చింది. అప్పటికి దాదాపు 100 టన్నులు మిగిలే ఉన్నాయి. అంతకు ముందు బెంగాల్లో మంచు లేకపోలేదు. శీతకాలం రాత్రుళ్లు గడ్డి పరిచిన గుంటల్లో వెడల్పాటి మట్టి మూకుళ్లు పెట్టి, పలచగా నీళ్లు పోసి, తెల్లారేసరికి పేరిన పొరను ఏరుకునేవారు. ఆకాశం నిర్మలంగా ఉంటే, గాలి సున్నా డిగ్రీలకు దిగకపోయినా, మూకుడులోని నీరు తన వేడిని పైకి వెదజల్లుకుని గడ్డకడుతుంది. రాబర్ట్ బార్కర్ అనే సైనికాధికారి 1775లో లండన్ రాయల్ సొసైటీకి ఈ పద్ధతి గురించి రాసి పంపాడు. కానీ ఆ మంచు మట్టీ చెత్తా కలిసిన ముద్ద. బోస్టన్ మంచు గాజు పలకలా వచ్చింది. గవర్నర్ జనరల్ బెంటింక్ సంబరపడి, మంచు తెచ్చిన వర్తకుడికి వెండి పాత్ర బహూకరించాడు.

నన్ను ఆకట్టుకునేది ఆ పాత్ర కాదు, పోయిన 80 టన్నులు. నాలుగు నెలల్లో 80 టన్నులు కరిగాయంటే రోజుకు ముప్పాతిక టన్నుకు లోపే. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే, ఒక ఓడ కడుపులోకి ఉష్ణమండలమంతా కలిసి చొప్పించిన వేడి, మన పడగ్గది ఏసీ ఒక్కటి బయటికి తోడెయ్యగలిగినంత. మంచు చుట్టూ చెక్కలు, చెట్ల బెరడు పొడి, గడ్డి, పొట్టు దట్టించడం వల్ల సాధ్యమైన సంగతి ఇది. కదలని గాలిని తమలో పట్టి ఉంచుకునేవే ఇవన్నీ. ఆ ఓడలో యంత్రమేదీ లేదు. కోల్‌కతాలో చక్రాల మీద చల్లటి గది కట్టుకోవాలని ఉబలాటపడేవాళ్లు ముందు చదువుకోవలసింది ఈ ఓడ కథ.

అలాంటి ఉబలాటం ఉన్నవాళ్లు ఇప్పుడు మనకూ తయారవుతున్నారు. వాళ్లు కట్టుకోవాలనుకునేది కారు వెనక తగిలించుకునే చిన్న పడక పెట్టె, అంటే ట్రెయిలర్. 1930ల్లో అమెరికాలో నీటిబొట్టు ఆకారంలో ప్లైవుడ్‌తో ఇంటి దగ్గరే కట్టుకోవడం మొదలుపెట్టారు. లోపల ఇద్దరు పడుకోవడానికి పరుపు, వెనక తలుపెత్తితే వంటగట్టు, అంతే. మన రోడ్ల మీద దానికి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం వేరే పురాణం, ఇక్కడ విప్పను. దొరికిందనే అనుకుందాం. అందులో బెంగాల్ తీరంలోని దీఘా దాకా వెళ్లి మే నెల రాత్రి సముద్రం పక్కన నిద్రపోవాలి. ఎలా?

మనకంటే ముందు రైలు వాళ్లు ఈ ప్రశ్న వేసుకున్నారు. 1934లో బొంబాయి, పెషావర్ల మధ్య నడిచే ఫ్రాంటియర్ మెయిల్‌కు చల్లటి పెట్టె తగిలించారు. పెట్టె నేల కింద అరల్లో మంచుగడ్డలు నింపి, వాటి మీదుగా ఫ్యాన్లతో గాలి లోపలికి పంపేవారు. దారిలో స్టేషన్లలో కరిగిన మంచుకు బదులు కొత్తది ఎక్కించేవారు. ట్యూడర్ ఓడకు చక్రాలు బిగించారన్నమాట. మన దేశంలో పూర్తిగా ఏసీ పెట్టెలతో నడిచిన మొదటి రైలు 1956లో హౌరా, ఢిల్లీల మధ్య వచ్చింది. 1969 మార్చి 1న ఢిల్లీలో బయల్దేరిన మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్ 17 గంటల 20 నిమిషాల్లో హౌరా చేరింది.

చల్లటి రైళ్లకు చిక్కు కరెంటు దగ్గర వచ్చింది. రాజధాని లాంటి బండ్లకు చివర జనరేటరు పెట్టె ఒకటి వేరే తగిలించారు. పాత తరం మామూలు ఏసీ పెట్టె మాత్రం తన కరెంటు తానే పుట్టించుకోవాలి. ఇరుసు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగితే ఆల్టర్నేటర్, దాని వెనక 110 వోల్టుల బ్యాటరీలు. బండి పరిగెత్తినంతసేపూ రాజభోగం. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగితే బ్యాటరీలు కంప్రెసర్‌ను మోయలేవు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతుంటాయి, లోపలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తరతరాలుగా పనిచేసిన మన తెలుగు కుటుంబాల్లో ఎవరినడిగినా ఈ బెల్టుల బాధ చెబుతారు.

మరో సంగతి. పాత ఏసీ పెట్టెల్లో కంప్రెసర్లు నేల కింద వేలాడేవి. ఇప్పుడు ఏడేసి టన్నుల యంత్రాలు రెండు కప్పు మీద కూర్చుంటున్నాయి. అమెరికాలో లారీలకు చలువ యంత్రం కట్టిన ఫ్రెడరిక్ జోన్స్ 1930ల చివర్లోనే ఈ దారి నడిచాడు. ఆయన నల్లజాతి మెకానిక్, పెద్ద చదువులు లేవు, చూసి చేసి నేర్చుకున్నవాడు. మొదట బండి కింద బిగించిన యంత్రం బురద, దుమ్ము, కుదుపుల దెబ్బను తట్టుకునేది కాదు. తరవాత దాన్ని పెట్టె ముందు భాగంలో పైకెక్కించారు. నేటికీ చేపల లారీల నుదుటి మీద కనిపించే ఆ మూట అక్కడిదే. మన దారుల్లో నడిచే ట్రెయిలర్‌కు ఏసీని కింద బిగిద్దామనుకునేవారు ఒక వానాకాలం ఆగి ఆలోచించుకోవడం మంచిది.

కోల్‌కతా మెట్రో నేర్పేది ఇంకో పాఠం. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్ల మధ్య మూడున్నర కిలోమీటర్ల లోపు దూరంతో దేశంలో మొదటి భూగర్భ రైలు నడిచింది. దాని పెట్టెల్లో ఏసీ లేదు. స్టేషన్లకూ సొరంగాలకూ కడిగి చల్లబరచిన గాలిని పంపి, పెట్టెల్లో ఫ్యాన్లు పెట్టారు. ఏసీ రైలు రావడానికి 2010 దాకా పట్టింది, ఏసీ లేని చివరి రైలు 2021లో గానీ సెలవు తీసుకోలేదు. పాఠం ఇదీ: ఏసీ వేడిని చంపదు, ఇటు నుంచి అటు పారబోస్తుంది. పైగా తను తిన్న కరెంటును కూడా వేడిగా మార్చి అందులోనే కలుపుతుంది. నేల మీద నడిచే బండికి పారబోయడానికి ఆకాశమంతా ఉంది, సొరంగంలో బండికి సొరంగమే దిక్కు. లండన్ లోతు సొరంగాల్లో రైళ్లకు ఏసీ పెట్టలేక ఏళ్ల తరబడి తల పట్టుకున్నది ఇందుకే. ఇంటి దగ్గర ట్రెయిలర్ కట్టేవాళ్లు సరిగ్గా ఇలాంటి సొరంగాన్నే చేతులారా తయారుచేసుకుంటారు. కిటికీ ఏసీని అందంగా కనబడాలని వెనక అల్మారాలో దాచి, చిన్న జాలీ కొడతారు. అది తను ఊదిన వేడి గాలినే మళ్లీ పీల్చి, అరగంటలో ఆయాసపడి ఆగిపోతుంది. దాని వీపు, రెండు పక్కలు బయటి గాలికి తగలాల్సిందే.

ఇప్పుడు మన పెట్టె లెక్క వేద్దాం. ఎనిమిదడుగుల పొడుగు, అయిదు వెడల్పు, నాలుగు ఎత్తు. అన్ని వైపులా కలిపి 17 చదరపు మీటర్లు. ప్లైవుడ్ పొరల మధ్య అంగుళం థర్మోకోల్ పెట్టాం. బయటికీ లోపలికీ పది డిగ్రీల తేడా కావాలంటే గోడల్లోంచి వచ్చే వేడి దాదాపు 200 వాట్లు. పగలైతే కాలిన కప్పు ఇంకో 130 కలుపుతుంది. నిద్రపోయే మనుషులిద్దరూ 200. ఇక ఊపిరి. పెట్టె పూర్తిగా మూసేస్తే కుదరదు, ఇద్దరికీ కలిపి సెకనుకు పది లీటర్ల బయటి గాలైనా రావాలి. దాన్ని చల్లబరచడానికి 120 వాట్లు. అందులోని తేమను నీళ్లుగా దించడానికి? 300కు పైనే.

ఆశ్చర్యపోవలసిన అంకె ఇదే. అన్ని గోడల్లోంచి వచ్చే వేడి కంటే పీల్చే గాలిలోని తేమ బరువు ఎక్కువ. రామగుండం ఎండకూ విశాఖపట్నం ఉక్కకూ ఉన్న తేడా ఎరిగినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. కోల్‌కతా విశాఖకు అక్కలాంటిది. ఉత్తరాదిలో దొరల ప్రాణాలు కాపాడిన తడి వట్టివేళ్ల తడికలు బెంగాల్లో పెద్దగా పనిచెయ్యకపోవడానికీ, ఇప్పటి ఎయిర్ కూలర్ అక్కడ ఉక్కను ఇంకాస్త పెంచడానికీ ఈ తేమే కారణం. అసలు ఏసీ పుట్టిందే చెమ్మను అదుపు చెయ్యడానికి. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయంలో కాగితం తేమ పీల్చి సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకపోతుంటే విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపి ఆ తేమను రాల్చాడు. మనుషుల సుఖం తరవాతి మాట.

మొత్తం కూడితే వెయ్యి వాట్లకు కాస్త తక్కువ. పావు టన్నుకు కాస్త ఎక్కువ. బజారులో తేలిగ్గా దొరికే చిన్నవి కూడా ఒక టన్ను దగ్గర ఉంటాయి. 'ఎక్కువైతే నష్టమేముంది, తొందరగా చల్లబడుతుంది' అంటారు. తొందరగానే చల్లబడుతుంది. అదే తంటా. గది చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది. లోపలి కాయిల్ మీద తేమ చినుకులుగా పట్టి కారాలంటే అది కొంతసేపు ఆగకుండా నడవాలి. నిమిషానికోసారి ఆగే పెద్ద యంత్రం చలి పుట్టిస్తుంది గానీ చెమ్మ తియ్యదు. పరుపు తడితడిగా, ప్లైవుడ్ మూలల్లో బూజు. మన లెక్కలో గంటకు అర లీటరు నీరు బయటికి కారాలి. ఆ ధార కనబడకపోతే ఏసీ సగం పనే చేస్తున్నట్టు. ఇన్వర్టర్ రకం కంప్రెసర్ తన వేగం తగ్గించుకోగలదు కాబట్టి కొంత నయం. ఒకే గొట్టంతో గదిలో గాలినే బయటికి ఊదే చక్రాల ఏసీ మాత్రం ఇక్కడ శుద్ధ దండగ. అది ఊదినంత గాలీ బయటి నుంచి సందుల్లోంచి తేమతో సహా తిరిగొస్తుంది.

కరెంటు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ఎనిమిది గంటల నిద్రకు కిలోవాటు చొప్పున వేడిని తోడాలంటే, మంచి ఏసీ దానిలో మూడో వంతు కరెంటు తింటుంది. మొత్తం రెండున్నర యూనిట్ల పైచిలుకు. ఇళ్లలో వాడే 150 యాంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు. అది నాలుగు కాలాలు మన్నాలంటే సగానికి మించి తోడకూడదు. కాబట్టి మూడు బ్యాటరీలు. ఒక్కోటి యాభై కిలోల పైమాటే, మొత్తం నూటయాభై దాటింది. అదే ఎనిమిది గంటల చలువ మంచులో కావాలంటే 86 కిలోలు చాలు! ఫ్రాంటియర్ మెయిల్‌కు మంచుగడ్డలు ఎక్కించిన ఇంజనీర్లను చూసి నవ్వుకునేముందు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. లిథియం బ్యాటరీలు వచ్చాకే బరువులో మంచును ఓడించగలిగాం, పాతిక ముప్ఫై కిలోల్లో ఆ రెండున్నర యూనిట్లు సర్దుకుంటాయి. ధర సంగతి తలుచుకుంటే నిద్ర పట్టదు గనక తలుచుకోను. డబ్బు పెట్టే మనసుంటే నేనైతే ముందు థర్మోకోల్‌ను రెండంగుళాలు చేస్తాను. గోడల వాటా దాదాపు సగానికి పడిపోతుంది. తరవాత చెట్టు నీడ వెతుక్కుంటాను.

కొందరు బ్యాటరీల బదులు పెట్రోలు జనరేటరును పెట్టె పక్కనే ఆన్ చేసి పడుకుంటారు, లేదా కారు ఇంజను రాత్రంతా నడుపుతారు. ఇక్కడ మాత్రం సరదా మాటలు చాలించాలి. మనం ఊపిరి కోసం వదిలిన సందులోంచే దాని పొగ లోపలికొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ నెత్తుటిలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవాడు లేవకుండానే స్పృహ తప్పుతాడు. ట్రెయిలర్ కట్టేవారికి నా మాట ఒక్కటే: జనరేటరే గతి అయితే దూరంగా, గాలివాలుకు పెట్టండి, పెట్టెలో ఏసీ కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించండి. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.