మట్టి తినడం: మెట్టసీమలో గుర్తింపునకు నోచని ఆహార రుగ్మత

ఆహార రుగ్మతలనగానే సన్నబడాలనే తపనతో తిండి మానివేసే అనొరెక్సియా నెర్వోసా స్ఫురిస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంపై వేరుశనగ పండించే రాప్తాడు వంటి అనంతపురం మెట్టసీమలో బక్కచిక్కిన దేహాన్ని చూసినవారు పేదరికాన్నే తలుస్తారు గాని రుగ్మతను శంకించరు. అక్కడ మరింత శ్రద్ధగా వెదకవలసినది మన్ను, బలపాలు, సుద్ద తినే రుగ్మతను.

వైద్యశాస్త్రం దీనిని పైకా అంటుంది. కనబడినదల్లా తింటుందని పేరుపడ్డ ఒక పక్షికి లాటిన్ భాషలో ఉన్న పేరిది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 ప్రకారం, ఆహారం కాని పదార్థాన్ని కనీసం నెలరోజులపాటు తింటూ ఉండడం దీని లక్షణం. రెండేళ్ళలోపు పసివారికి ఇది వర్తించదు; సమాజం ఆమోదించిన ఆచారమైతే రుగ్మతగా పరిగణించరు. ఈ చివరి నిబంధనే మన సందర్భంలో చిక్కు తెస్తుంది. బలపం తిన్న బడిపిల్లను దండిస్తాం (పోతన దశమ స్కంధంలో యశోద చేసినదీ అదే); గర్భిణి మన్ను కోరితే వేవిళ్ళని ముచ్చటపడతాం. రెండు చోట్లా రక్తపరీక్ష మాట మరుగున పడుతుంది.

పైకాకు, ఇనుము లోపానికి గల సంబంధం సుపరిచితం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మేరకు ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులు. కొర్ర, సజ్జ, రాగి తిన్న ఇళ్ళలో 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం పథకం తరువాత పాలిష్ బియ్యమే ప్రధానాహారమైంది. అందులో ఇనుము స్వల్పం. కొన్ని రకాల బంకమన్నులు ఆహారంలోని ఇనుమును పట్టివేసి శోషణను అడ్డుకుంటాయి. కనుక లోపం మన్నును కోరిస్తుంది, మన్ను లోపాన్ని పెంచుతుంది. నులిపురుగుల గుడ్లు, సీసం, పళ్ళ అరుగుదల, పేగులలో అడ్డంకి అదనపు ప్రమాదాలు.

కోలుకోవడం మాత్రం ఆశాజనకం. ఇనుము లోపమే మూలమైనచోట మాత్రలు మొదలైన కొద్ది వారాలలోనే, హీమోగ్లోబిన్ పూర్తిగా పెరగకముందే, చాలామందిలో ఆ కోరిక తగ్గుతుంది. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు ప్రవర్తనా చికిత్స కూడా అవసరం. రక్తహీనతా ముక్త భారత్ (2018) కింద కౌమార బాలికలకు వారానికొక ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర, గర్భిణులకు రోజూ 180 రోజులపాటు మాత్రలు నిర్దేశించారు. వాటిని తేనీటితో కలిపి వేసుకుంటే శోషణ తగ్గుతుంది.

మన్ను తింటున్నానని ఏ స్త్రీ తనంతట తాను చెప్పుకోదు. గర్భిణుల పరీక్షలో హీమోగ్లోబిన్ అంకె నమోదు చేసేటప్పుడే, మందలింపు ధ్వని లేకుండా, “మన్ను గాని, బలపం గాని తినాలనిపిస్తోందా అమ్మా?” అని అడగాలి.