మనల్ని నిలబెట్టే కండరాలు

రంజాన్ నెలలో హలీం దేగ్ పక్కన నిలబడి చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. గంటల తరబడి సన్నని మంట మీద ఉడికిన మాంసాన్ని ఘోట్నీతో దంచుతుంటే అది సన్నని దారాలుగా విడిపోతుంది. ఆ దారాలు వంటవాడు చేసినవి కావు. మాంసం అంటే కండరం, కండరం అంటే దారాల కట్ట. మన తొడలో, పిక్కలో, వీపులో ఉన్నదీ అదే అల్లిక. ఆ అల్లిక ఎలా పనిచేస్తుందో తెలిస్తే, మన ఇంటి పెద్దలను ఎలా చూసుకోవాలో కూడా తెలుస్తుంది.

మన శరీరంలో ఎముకలను కదిలించే కండరాలు 600కు పైగా ఉన్నాయి. వీటినే అస్థి కండరాలు అంటారు. పురుషుల శరీర బరువులో దాదాపు 40 శాతం ఇవే. స్త్రీలలో కొంచెం తక్కువ. గుండె కండరం, పేగుల గోడల్లోని నునుపు కండరాలు మనం చెప్పకుండానే పనిచేస్తాయి. అస్థి కండరాలు మాత్రం మనం అనుకుంటే కదులుతాయి.

ఒక కండరాన్ని విప్పి చూస్తే, పైన పలుచని తెల్లని పొర కనిపిస్తుంది. దాని లోపల చిన్న చిన్న కట్టలు, ఒక్కో కట్టలో కండర తంతువులు ఉంటాయి. వెంట్రుకంత సన్నగానో ఇంకా సన్నగానో ఉండే ఒక్కో తంతువూ ఒక్క జీవకణమే. కొన్ని కండరాల్లో దాని పొడవు చాలా సెంటీమీటర్లు ఉంటుంది. కట్టలను చుట్టిన పొరలు కండరం కొసన కలిసి గట్టి తాడులా మారి ఎముకకు అతుక్కుంటాయి. ఆ తాడే స్నాయుబంధనం. మడమ పైన చేత్తో పట్టి చూస్తే తగిలేది అదే. హలీంలో కట్టలు విడిపోవడానికి కారణం, వాటిని చుట్టిన పొరల్లోని కొల్లాజెన్ ఉడికి కరిగిపోవడం.

తంతువు లోపల రెండు రకాల ప్రోటీన్ పోగులు వరుసగా అమరి ఉంటాయి. సన్నవి యాక్టిన్, లావువి మయోసిన్. మెదడు నుంచి వచ్చిన ఆజ్ఞ నరం కొసకు చేరగానే, తంతువు లోపల దాచి ఉన్న కాల్షియం బయటికి వస్తుంది. అప్పుడు మయోసిన్‌కు ఉన్న చిన్న తలలు యాక్టిన్‌ను పట్టుకొని లాగి, వదిలి, మళ్లీ కొంచెం ముందు పట్టుకుంటాయి. బావిలో చేద తోడేటప్పుడు తాడును చెయ్యి మార్చి చెయ్యి లాగినట్లే ఇది కూడా. పోగులు పొట్టివి కావు, ఒకదానిలోకి ఒకటి జారుతాయి. కండరం మాత్రం పొట్టిదవుతుంది. ఈ సంగతిని 1954లో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్గెర్కె మరో జట్టుగా ఒకేసారి వెల్లడించారు.

కండరం లాగగలదే కానీ నెట్టలేదు. అందుకే చాలాచోట్ల అవి జంటలుగా ఉంటాయి. మోచేతిని ముడిచేది ముందువైపు కండరం, చాచేది వెనకవైపుది. ఒకటి లాగుతుంటే రెండోది సడలాలి. సడలడానికి కూడా శక్తి కావాలి. మయోసిన్ తల పట్టు వదలాలంటే ఏటీపీ అనే పదార్థం దానికి అందాలి. బక్రీద్ రోజున ఖుర్బానీ మాంసం కోసిన వెంటనే మెత్తగా ఉండి, కొన్ని గంటలకు బిగుసుకుపోవడం మనం చూసినదే. ఏటీపీ అయిపోయింది, పట్టు వదిలించేవారు లేరు. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చేవారు ఎరిగిన బిగువు కూడా ఇదే.

ఈ శక్తి రహస్యాన్ని తేల్చినవారిలో ఒకరు మన తెలుగువారే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్‌లోని హార్వర్డ్‌కు వెళ్లారు. ఆ ప్రయాణం వెనక కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇస్తామన్న సాయం, మామగారు సమకూర్చిన డబ్బు ఉన్నాయి. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. దానితో కండరాన్ని పరీక్షిస్తుండగా ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. 1927లో ఆ ఫలితం, 1929లో ఏటీపీ సంగతి వెలువడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. ఒక ధర్మసంస్థ విద్యార్థి వెనక నిలబడితే ఆ ఫలం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ కొన్ని సెకన్లకే సరిపోతుంది. బస్సు కదిలిపోతుంటే పరుగెత్తే ఆ పది సెకన్లు ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది. అడిక్‌మెట్ వంతెన మీదుగా నడిచే నడకకు గ్లూకోజు, కొవ్వు, ఊపిరిలోని ఆక్సిజన్ కావాలి. దీనికి తగ్గట్టే తంతువులూ రెండు రకాలు. నెమ్మదివి అలసిపోకుండా చాలాసేపు నిలబెడతాయి. వేగవంతమైనవి ఒక్కసారిగా బలం చూపి త్వరగా అలసిపోతాయి.

వయసు మీద పడేకొద్దీ ఎక్కువగా తరిగేవి ఈ వేగవంతమైన తంతువులే. కాలు జారినప్పుడు శరీరాన్ని చటుక్కున ఆపేవి అవే. కాబట్టి పెద్దలు పడిపోవడానికి కళ్లు, ఎముకలే కాదు, కండరాలు కూడా కారణం. నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు తొడ ముందు కండరం, పిరుదుల కండరం, పిక్క కలిసి పనిచేస్తాయి. అవి నీరసిస్తే ముందు నేల మీద చెయ్యి ఆనించి లేస్తారు, తర్వాత కుర్చీ అడుగుతారు. మోకాళ్ల జబ్బు ఉన్నవారికి కుర్చీ అవసరమే. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. కానీ ‘అబ్బాజాన్, మీరు కదలకండి, అన్నీ మేం చూసుకుంటాం’ అని ప్రేమతో మంచానికే పరిమితం చేస్తే, ఆ ప్రేమే ఆయన కాళ్ల బలాన్ని తీసేస్తుంది. పని లేని కండరాన్ని శరీరం ఉంచుకోదు. కొద్ది వారాల మంచం పట్టుతోనే తొడలు సన్నబడటం కనిపిస్తుంది.

మంచి మాట ఏమిటంటే, పోయిన బలం కొంత తిరిగి వస్తుంది. 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బోస్టన్ వృద్ధాశ్రమంలోని సగటున 90 ఏళ్ల వయసువారి చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసినవారి కాళ్ల బలం రెండింతలు దాటింది. తొంభైలో సాధ్యమైనది అరవైలో కాకుండా పోదు.

ఇందుకు ఖరీదైన జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చొని, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, రోజుకు రెండు పూటలు చేస్తే చాలు. మొదట్లో పక్కన ఒకరు ఉండాలి. గుండె జబ్బు, కీళ్ల నొప్పి ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవారికి ఇంకో లాభం కూడా ఉంది. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా తీసుకునేది కండరమే. కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకపోయినా దాన్ని లోపలికి లాక్కుంటుంది.

కండరానికి పనితోపాటు తిండి కూడా కావాలి. మనకు దగ్గరలోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటుంది. పళ్లు లేవని పెద్దలకు అన్నం, చారుతో సరిపెట్టకండి. మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, గుడ్డు, రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చిన చేప, ఏది వీలైతే అది రోజూ పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

డబ్బు ఖర్చుపెడితే తరుగుతుంది. కండరం ఖర్చుపెట్టకపోతే తరుగుతుంది. ఈ సంచిక చదవడం పూర్తయ్యాక మీ ఇంట్లోని పెద్దవారి చెయ్యి పట్టుకొని గల్లీ చివరిదాకా నడిపించండి. తిరిగి వచ్చాక కుర్చీలోంచి వారంతట వారే లేవనివ్వండి. ఆలస్యమైనా ఫరవాలేదు, పక్కనే నిలబడి ఉండండి.