క్రమరహిత కార్నియా – ప్రత్యేక కాంటాక్ట్ లెన్సులు: చేవెళ్ల, మొయినాబాద్ మండలాల నేపథ్యం

1. ప్రస్తావన:

కంటి నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దీనినే శుక్లపటలం అంటారు. కంటిలోకి ప్రవేశించే కాంతిని వంచడంలో సుమారు మూడింట రెండు వంతుల పని దీనిదే. దీని ఉపరితలం ఎగుడుదిగుడుగా మారితే కళ్ళద్దాలతో చూపు పూర్తిగా తేటపడదు. చేవెళ్ల, మొయినాబాద్ వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఈ సమస్య స్వరూపాన్ని, దీనికి వాడే ప్రత్యేక లెన్సుల పనితీరును, పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కారణాలు:

ముఖ్య కారణాలు రెండు. మొదటిది కెరటోకోనస్. ఇందులో కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది. ఇది సాధారణంగా కౌమారంలో మొదలవుతుంది. కళ్ళు పదేపదే నలుపుకోవడం వల్ల తీవ్రమవుతుంది. రెండవది పుండు మానిన తరువాత మిగిలే మచ్చ. రంగారెడ్డి జిల్లాకు చెందిన ఈ రెండు మండలాలలోనూ కూరగాయలు, పూల సాగు ఉంది. పొలం పనులలో ఆకు అంచు, ముల్లు కంటికి తగిలితే శిలీంధ్రం చేరి పుండు పడవచ్చు. ఆకుపసరు పోస్తే అది మరింత ముదిరే ప్రమాదం ఉంది. 1996–2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం కూడా కార్నియా అంధత్వానికి గాయాలను ఒక ప్రధాన కారణంగా గుర్తించింది.

3. లెన్సుల పనితీరు:

మెత్తని లెన్సు కార్నియా వంపునే అనుసరిస్తుంది కనుక దోషం చాలావరకు అలాగే మిగులుతుంది. గట్టి లెన్సు తన ఆకృతిని కోల్పోదు. దానికీ కార్నియాకూ మధ్య చేరిన కన్నీరు ఎగుడుదిగుళ్ళను పూడ్చి, నునుపైన ఉపరితలాన్ని కల్పిస్తుంది. స్క్లెరల్ లెన్సు కార్నియాను తాకకుండా తెల్లగుడ్డుపై ఆనుతుంది. దానిని సెలైన్‌తో నింపి ధరించాలి.

అయితే లెన్సు చూపును సరిచేస్తుందే తప్ప వ్యాధిని ఆపదు. కెరటోకోనస్ ముదరకుండా క్రాస్‌లింకింగ్ చికిత్స చేస్తారు. మచ్చ దట్టంగా ఉంటే కార్నియా మార్పిడి అవసరం కావచ్చు.

4. ముగింపు:

లెన్సును బోరు నీటితో గాని, కుళాయి నీటితో గాని కడగరాదు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి చేరితే ఉన్న చూపు కూడా పోవచ్చు. లెన్సు కొలతలు కుదరడానికి పలుమార్లు ఆసుపత్రికి వెళ్ళాలి. కూలీకి ప్రతి ప్రయాణమూ ఒకనాటి కూలి నష్టమే. 1987లో హైదరాబాదులో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం చొప్పున గ్రామీణ సేవలను రూపొందించింది. ఇటువంటి ప్రాథమిక కేంద్రాలలో సమస్యను తొలిదశలోనే గుర్తించి, లెన్సు పెట్టిన తరువాతి పరీక్షలను కూడా చేరువలోనే జరపగలిగితే, నగరంలో లభించే లెన్సు పల్లెలో నిలకడగా ఉపయోగపడుతుంది.