అశ్వహృదయమూ అక్షహృదయమూ

హైదరాబాదులో చాదర్‌ఘాట్ వద్ద మూసీనది దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే రాజమార్గం ప్రక్కనే మలక్‌పేట రేసుకోర్సు ఉన్నది. తలపైన మెట్రోరైలు, క్రింద బస్సులు, ఆటోలు, ఇరువైపుల దుకాణాలు. ఇంత సమ్మర్దం నడుమ అంతటి పచ్చికబయలు ఇంకా మిగిలి ఉండడమే ఒక వింత. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, గుఱ్ఱపు పందేలు మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చినవి. 1911లో ఆ ప్రభువు మరణించిన తరువాత అవి సికింద్రాబాదుకు తరలిపోయి, మళ్ళీ 1960ల చివరి రోజులలో గాని పాతచోటికి చేరలేదు.

డెర్బీనాటి వైభవం వేరు. ఆనాడు వచ్చే కార్లూ, మేలి దుస్తులూ, మరునాటి పత్రికలలో ఛాయాచిత్రాలూ అందరూ ఎరిగినవే. వర్షాకాలపు సీజనులో ఒక సాధారణ దినాన జరిగే పందేలను గురించి వ్రాసేవారు అరుదు. ఆనాడు పరుగెత్తేవి పేరుమోసిన గుఱ్ఱాలు కావు. ఇరవైసార్లు పరుగెత్తి ఒక్కమారు గెలిచినవి, ఆ ఒక్కమారైనా గెలవనివి, ఒకప్పుడు మంచివే అయి ఇప్పుడు ఈడు మళ్ళినవి. చూడవచ్చేవారిలోనూ గొప్పవారు తక్కువ. చిన్న గుమాస్తాలు, దుకాణదారులు, పింఛనుదారులు, ఆటో నడుపుకొనేవారు. ప్రతివాని చేతిలోనూ గీతలు గీసి గీసి నలిగిన రేసుపుస్తకం ఒకటి. కాని గుఱ్ఱపు పందెం అంటే ఏమిటో తెలుసుకోదలచిన ప్రేక్షకునికి డెర్బీకంటె ఇటువంటి అపరాహ్ణమే మేలైన పాఠశాల.

లోపలికి అడుగుపెట్టిన కొద్దిసేపటికే అతనికి బోధపడే సంగతి, ఇక్కడ ఉన్న గుంపు ఒకటి కాదు, రెండు అని. ఒక చిన్న గుంపు ప్యాడాక్ కంచె చుట్టూ చేరి, పందానికి ముందు నడిపించే గుఱ్ఱాలను రెప్పవేయకుండా చూస్తూ ఉంటుంది. పెద్ద గుంపు పందెపు కిటికీల దగ్గర, బుక్కీల బల్లల దగ్గర, అంకెల పలకల క్రింద ఉంటుంది. దాని దృష్టి గుఱ్ఱాలమీద లేదు. క్షణక్షణం మారే ధరలమీద ఉన్నది. బెంగుళూరులోనో బొంబాయిలోనో జరుగుతున్న పందేలు కూడ తెరమీద కనిపిస్తూ ఉంటవి గనుక, వారిలో కొందరు సాయంకాలం దాక ఒక్క గుఱ్ఱాన్నయినా ఎదుట చూడకుండానే ఇల్లు చేరగలరు.

ఈ రెండు గుంపులనూ చూస్తే నన్నయభట్టు అరణ్యపర్వంలో చెప్పిన నలోపాఖ్యానం గుర్తుకు రాక మానదు. జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు బాహుకుడనే మారుపేరుతో అయోధ్య రాజైన ఋతుపర్ణునికి రథం తోలుతూ ఉంటాడు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడితే, రథం ఆపమనేలోగానే అది యోజనం వెనుకబడిపోయింది. నలునికి తెలిసిన ఆ విద్య అశ్వహృదయం. దానికి బదులుగా ఋతుపర్ణుడు దారిప్రక్కన ఉన్న తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కకట్టి చెప్పాడు. నలుడు దిగి ఎంచి చూస్తే లెక్క సరిపోయింది. అది అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, సంఖ్యల రహస్యం. ఒకరి విద్య ఒకరికి ఇచ్చుకొన్నారు. కలి నలుణ్ణి విడిచిపోయాడు. గుఱ్ఱాల మనసు అంత బాగా తెలిసినవాడు పాచికల ముందు కూర్చుండి సర్వస్వం ఎందుకు పోగొట్టుకొన్నాడన్న ప్రశ్నకు ఈ కథలో సమాధానం ఉన్నది. అవి రెండూ వేర్వేరు విద్యలు.

మొదటి విద్య ప్యాడాక్ వద్ద కనిపిస్తుంది. మన పూర్వులు దీనిని శాస్త్రంగానే భావించారు. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణవిలాసం రచించాడు. నేటి ప్రేక్షకుడు సుడులను చూడడు, చెమటను చూస్తాడు. పరుగుకు ముందే మెడమీద నురుగు కట్టిన గుఱ్ఱం సగం బలం అక్కడే ఖర్చు చేసుకొన్నదని అనుభవజ్ఞుల మాట. చెవులు నిక్కి ముందుకు ఉన్నవా, వెనుకకు అణగి ఉన్నవా, నడకలో వెనుకకాళ్ళు చక్కగా సాగుతున్నవా, సైసు పగ్గం పట్టి బ్రతిమాలుకోవలసి వస్తున్నదా అని చూస్తారు. వంశం సంగతి రేసుపుస్తకంలో ఉంటుంది. వంశానికేమి, అన్నీ కులీనులే! నేడు ప్రపంచంలోని థరోబ్రెడ్ పందెపు గుఱ్ఱాలన్నిటి పితృవంశమూ 17వ శతాబ్దపు చివర, 18వ శతాబ్దపు మొదట తూర్పుదేశాల నుంచి ఇంగ్లండుకు చేరిన మూడు మగగుఱ్ఱాల వద్దకే పోతుంది. మలక్‌పేటలో చిట్టచివర వచ్చే గుఱ్ఱమూ ఆ మూడింటి సంతతే.

పందెం నిర్వహించేవారు మాత్రం ఈ విద్యకు ఎదురుదెబ్బ సిద్ధం చేసి ఉంచుతారు. దానిపేరు హాండికాప్. గెలిచిన గుఱ్ఱానికి బరువు పెంచుతారు, ఓడినదానికి తగ్గిస్తారు. ఒకదానిమీద 60 కిలోలు, దాని ప్రక్కదానిమీద 50 కిలోలు. జాకీ తేలికైనవాడయితే ఆ కొరతను సీసపు పలకలతో నింపుతారు. పరుగుకు ముందూ తరువాతా జాకీని జీనుతోసహా త్రాసులో తూస్తారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ అనే నావికాధికారి వయస్సునుబట్టి బరువులు నిర్ణయించే పట్టికను క్రమపరచాడు. బరువులు కట్టేవాని ఆదర్శం ఏమిటంటే, గుఱ్ఱాలన్నీ ఒకే వరుసలో గమ్యం చేరడం! అది ఎన్నడూ జరగదు గాని, అతడు ఎంత సమర్థుడైతే ప్రేక్షకుని జోస్యం అంత కష్టమవుతుంది. తెలివిగల విద్యార్థికి కఠినమైన ప్రశ్నాపత్రం, మందమతికి సులభమైనదీ ఇచ్చి, ఇద్దరిలో ఎవరు మొదట వస్తారో చెప్పుమన్నట్లే ఇది.

ఇక పరుగు. 1,200 మీటర్ల పందెం ఒక నిమిషం పదమూడు, పదునాలుగు సెకండ్లలో ముగిసిపోతుంది. అరగంట ఎదురుచూపుకు అదే ఫలం. ఎదుటి గట్టున రంగురంగుల చొక్కాలు పూసలదండవలె కదలుతవి. మలుపు తిరిగేవరకు చప్పుడు వినిపించదు. తరువాత ఒక్కసారిగా డెక్కల మ్రోత నేలలోనుంచి పాదాలలోనికి వస్తుంది, తడిమన్ను ఎగురుతుంది, అంకెల పలకల క్రింద ఉన్న పెద్ద గుంపు కూడ కంచెవైపు తోసుకొని వస్తుంది. తెలుగూ, దక్కనీ ఉర్దూ కలగలిసిన ఒకటే కేక. ఈ కొద్ది క్షణాలలో డబ్బు సంగతి మరచి చూడగలిగినవాడు ధన్యుడు. చూచినా కంటికి అందేది కొంతే. పరుగెత్తే గుఱ్ఱం కాళ్ళు ముందుకూ వెనుకకూ చాచి గాలిలో తేలుతుందని చిత్రకారులు శతాబ్దాల తరబడి వేశారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ వరుసగా కెమేరాలు అమర్చి ఫోటోలు తీసిన తరువాతనే నిజం తేలింది. నాలుగు డెక్కలూ నేలను విడిచే క్షణం ఉన్నది. కాని అప్పుడు కాళ్ళు కడుపు క్రిందికి ముడుచుకొని ఉంటవి. గమ్యం వద్ద తీర్పు చెప్పేదీ నేడు కెమేరాయే. ముక్కుపాటి తేడాతో ఒకని నెలబాడుగ పోవచ్చు, మరొకనికి రావచ్చు.

ఇక్కడ రెండవ విద్య అవసరమవుతుంది. ఫ్రాన్సులో 1867 ప్రాంతంలో జోసెఫ్ ఓలెర్ కనిపెట్టిన పద్ధతి ప్రకారం పందెపు సొమ్మంతా ఒకచోట చేర్చి, గెలిచిన టిక్కెట్లకు పంచుతారు. దీనిని యంత్రంతో లెక్కించే టోటలైజేటరును జార్జి జూలియస్ అనే ఇంజనీరు నిర్మించగా 1913లో న్యూజీలండులోని ఆక్లండులో మొదట వాడారు. నిజానికి అతడు దానిని ఎన్నికలలో ఓట్లు లెక్కించడానికి ఊహించాడు. ప్రభుత్వం వద్దన్నది, రేసులవారు కావాలన్నారు. అయితే పంచేముందు క్లబ్బు భాగమూ, ప్రభుత్వపు పన్నూ తీసివేయబడుతవి. లెక్క సులభమయ్యేందుకు అది నూటికి ఇరవై అనుకొంటే, నూరు రూపాయలతో బయలుదేరి ప్రతి పందెంలోనూ చేతిలో ఉన్నదంతా ఒడ్డే గుంపుకు మొదటి పందెం తరువాత 80, రెండవదాని తరువాత 64, మూడవదాని తరువాత 51 రూపాయల చిల్లర మిగులుతుంది. ఏడవ పందెం ముగిసేసరికి 21 రూపాయలు కూడ నిండవు. ఏ గుఱ్ఱం గెలిచినా ఈ లెక్క మారదు. బుక్కీ తన ధరలోనే తన లాభం కలుపుకొంటాడు. ఒక మనిషి గెలవవచ్చు, గుంపు గెలవడం లేదు. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల ఈ గుణకారాన్ని కంచె దగ్గర ఎవరూ చేసినట్లు కనిపించదు.

గుఱ్ఱపు పందెం జూదమా, నేర్పా అన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. పేకాటలో రమ్మీ ప్రధానంగా నేర్పుకు సంబంధించినదేనని 1967లో వెలువడిన ఒక సికింద్రాబాదు క్లబ్బు కేసులో ఆ న్యాయస్థానం అన్నది. 1996లో మద్రాసు రేసులకు సంబంధించిన కేసులో గుఱ్ఱపు పందెం కూడ నేర్పుమీద ఆధారపడినదేననీ, కేవలం అదృష్టపు ఆట కాదనీ తీర్పు చెప్పింది. గుఱ్ఱపు జాతి, శిక్షణ, జాకీ సామర్థ్యం, వీటిని అంచనా కట్టే పందెగాని వివేచన — వీటన్నిటినీ లెక్కలోనికి తీసుకొన్నది. ఆ తీర్పు అశ్వహృదయాన్ని గుర్తించింది. ఆ నేర్పు ఉన్నవానికి ఇంటికి డబ్బు మిగులుతుందా అన్నది న్యాయస్థానం ముందుకు వచ్చిన ప్రశ్న కాదు. దానికి పైన చెప్పిన గుణకారమే సమాధానం. చవుక టిక్కెట్టు స్టాండులో జీతపురాళ్ళు జేబులో పెట్టుకొని కూర్చున్నవాని భార్యాబిడ్డలకు నేర్పుతో ఓడడమూ, అదృష్టం లేక ఓడడమూ ఒకటే.

చివరి పందెం అయ్యేసరికి చినుకులు మొదలైనవి. మెట్లనిండా చింపిన టిక్కెట్లు. ప్రేక్షకులు మలక్‌పేట వీధిలో పడి, రాబోయే పందెపు దినాన్ని గురించి అప్పుడే వాదించుకొంటూ పోతున్నారు. ప్యాడాక్ దగ్గర చిన్న గుంపు ఇంకా ఉన్నది. ఆవిరులు క్రక్కుతున్న గుఱ్ఱాలమీద సైసులు బొక్కెనలతో నీళ్ళు పోసి, చెమట గీచివేసి, చల్లబడేదాక చుట్టూ నడిపిస్తున్నారు. గెలిచినదీ, ఏడవదిగా వచ్చినదీ ఒకే రీతిగా తలవంచుకొని నడుస్తున్నవి. గెలిచినదానిమీద ఈసారి మరికొన్ని కిలోలు పడతవి.