మీకు తెలుసా? అమ్మాయిల కామిక్స్‌లో అంతరిక్ష నౌక!

మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ నేర్చుకునేవాళ్లు మోటో హగియో పేరు తప్పక తెలుసుకోవాలి. జపాన్‌లో అమ్మాయిల కామిక్స్‌ని (షోజో మాంగా) ఒకప్పుడు ఎక్కువగా మగవాళ్లే గీసేవారు. 1970ల్లో హగియో, కేకో తకెమియా లాంటి యువతులు ఆ పని అందుకుని కథల తీరే మార్చేశారు. హగియో 1975లో గీసిన 'వాళ్లు పదకొండు మంది' చూడండి. అంతరిక్ష నౌకలో ప్రవేశ పరీక్ష. రావాల్సింది పదిమంది, లెక్కపెడితే పదకొండు! ఆ అదనపు మనిషి ఎవరు? ఊపిరి బిగబట్టి చదవాల్సిందే. తకెమియా అయితే 2014లో క్యోటో సెయికా యూనివర్సిటీకి అధ్యక్షురాలయ్యారు. హగియో గీసిన మరో కామిక్ 'థామస్ హృదయం' ఇంగ్లిష్‌లోనూ వచ్చింది. బొమ్మల మీద మక్కువ ఉన్న ప్రతి అమ్మాయీ, అబ్బాయీ చదవండి.