ఇంజను కింద చుట్టకుదురు

నీళ్ల బిందెను నెత్తికి ఎత్తుకునే ముందు ఏం చేస్తారు? పాత గుడ్డను గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంటారు. అదే చుట్టకుదురు. అది లేకపోతే బిందె నెత్తిని ఒత్తుతుంది. అడుగు వేసినప్పుడల్లా కుదుపు మెడకు తగులుతుంది. చుట్టకుదురు చిన్నదే. కాని బిందె బరువునూ, కుదుపునూ అదే కాస్తుంది.

కారు ఇంజనుకు కూడా ఇలాంటి చుట్టకుదురు ఉంటుంది. అది గుడ్డతో చేసింది కాదు. రబ్బరుతో చేసింది. మెకానిక్కులు దాన్ని ఇంజను మౌంటింగు అంటారు. మౌంటింగు రబ్బరు అని కూడా అంటారు.

ఒక ఇంట్లో పాత కారు ఉందనుకుందాం. ఇంటాయన దాన్ని కిరాయికి తిప్పుతాడు. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, రైలు స్టేషనుకు జనాన్ని చేరుస్తాడు. ఆ బండి తిరిగితేనే ఇల్లు గడుస్తుంది. కొన్నాళ్లుగా ఆ బండి వణుకుతోంది. ఆగి ఉన్నప్పుడు కూడా సీటు అదురుతోంది. గేరు మార్చితే ముందు నుంచి "టక్" మని చప్పుడు వస్తోంది.

"ఏమయ్యా, బండెక్కితే పళ్లు కూడా వణుకుతున్నాయి. ఏమైంది దానికి?" అని భార్య అడిగింది.

"పాత బండి గదా! అట్లాగే ఉంటది" అన్నాడు భర్త.

"పోయిన పండక్కి పోయినప్పుడు ఈ వణుకు లేదు గదా! మూడు నెలల్లోనే ముసలిదయిందా?"

ఆమె అడిగిన మాట సరైనదే. ఉన్నట్టుండి వణుకు వచ్చిందంటే ఏదో ఒకటి అరిగి ఉంటుంది.

రబ్బరు ఎందుకు పెట్టారు?

ఇంజను తిరిగేటప్పుడు వణుకుతుంది. అది దాని గుణం. ఇంట్లో మిక్సీని చూడండి. దాని కింద రబ్బరు కాళ్లుంటాయి. ఒక కాలు ఊడిపోతే మిక్సీ గట్టు మీద నడుస్తుంది. చప్పుడు పెరుగుతుంది. ఇంజను కూడా అంతే.

తొలి రోజుల్లో చాలా కార్లలో ఇంజనును ఇనుప చట్రానికి నేరుగా బిగించేవారు. అందుకే బండంతా అదిరేది. 1931లో అమెరికాలో ప్లిమత్ అనే కారుకు రబ్బరు మౌంటింగులు పెట్టి, వణుకు తగ్గిందని గొప్పగా చాటారు. ఇప్పుడు కార్లన్నిటిలో మౌంటింగులు ఉంటాయి. చిన్న కార్లలో సాధారణంగా మూడో, నాలుగో ఉంటాయి.

మౌంటింగులో రెండు ఇనుప ముక్కలుంటాయి. వాటి మధ్య రబ్బరు అతికి ఉంటుంది. ఒక ఇనుప ముక్క ఇంజనుకు, రెండోది బండి చట్రానికి బోల్టులతో బిగిస్తారు. ఇంజను వణుకును మధ్యలోని రబ్బరు మింగుతుంది.

రబ్బరు ఎప్పటికీ ఉండదు. ఇంజను వేడికి గట్టిపడుతుంది. నూనె కారి తగిలితే మెత్తబడి ఉబ్బుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు వస్తాయి. చివరికి ఇనుము నుంచి ఊడిపోతుంది.

పట్టించుకోకపోతే ఏమవుతుంది?

ఒక మౌంటింగు పోతే దాని బరువు మిగతా వాటి మీద పడుతుంది. అవీ త్వరగా పోతాయి. ఇంజను అటూ ఇటూ ఊగితే పొగ గొట్టం అతుకు పగులుతుంది. నీళ్ల గొట్టాలు, వైర్లు లాగినట్టు అవుతాయి. చిన్న రబ్బరు ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చు అవుతుంది.

ప్రాణం మీదికి కూడా రావచ్చు. 1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 60 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. వాటిలో మౌంటింగు తెగితే ఇంజను పైకి లేచేది. దాంతో ఆక్సిలరేటరు తీగ లాగుకుని, బండి దానంతట అదే వేగం అందుకునేది.

ఎలా కనిపెట్టాలి?

వణుకు అంటే మౌంటింగే అనుకోకూడదు. బండి వేగంగా పోతున్నప్పుడు మాత్రమే వణికితే చక్రాలు చూపించాలి. ఇంజను ఆగి ఆగి, తడబడుతూ తిరిగితే ప్లగ్గులు చూపించాలి. ఆగి ఉన్నప్పుడు వణికి, గేరు వేసినప్పుడు "టక్" మంటే మౌంటింగు మీద అనుమానం పడాలి.

ముందు ఇంజను ఆపి చల్లారనివ్వాలి. బానెట్ ఎత్తి టార్చిలైటుతో రబ్బర్లను చూడాలి. పగుళ్లున్నాయా? రబ్బరు ఇనుము నుంచి ఊడిందా? ఒక పక్క అణిగిపోయిందా? నూనెతో తడిసిందా? కొన్ని మౌంటింగుల లోపల ద్రవం ఉంటుంది. అది కారిపోయినా మౌంటింగు పోయినట్టే.

బానెట్ దగ్గరికి పోయేముందు కొంగు నడుముకు బిగించాలి. జడ ముడి వేసుకోవాలి. గాజులు తీసి పక్కన పెట్టాలి. తాళం తీసేయాలి. కొన్ని కార్లలో ఇంజను ఆగినా ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది.

ఇంట్లో మార్చడం ఎలా?

ఆ భార్యాభర్తలు చూశారు. ఒక మౌంటింగు రబ్బరు రెండుగా చీలిపోయింది. ఇంటి దగ్గరే మార్చాలనుకున్నారు. ఆయనకు పానాలు పట్టడం తెలుసు. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. మౌంటింగు మీద పోతపోసిన అంకెలను కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ అంకెలు, బండి పేరు, తయారైన సంవత్సరం చెబితే దుకాణంలో సరైన మౌంటింగు ఇస్తారు. వట్టి చేతులతో పోతే ఏదో ఒకటి అంటగడతారు.

ఈ పనికి బలం కంటే వరుస ముఖ్యం. వరుస ఇది.

1. బండిని చదునైన, గట్టి నేల మీద నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేయాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి.

2. తాళం చెవి ఒకరి దగ్గరే ఉండాలి. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది.

3. బ్యాటరీ నుంచి నల్ల వైరు తీసి పక్కకు పెట్టాలి.

4. కిందికి దూరాల్సిన పని ఉంటే, బండి ముందు భాగాన్ని జాకీతో లేపి రెండు ఇనుప స్టాండ్ల మీద దించాలి. స్టాండ్లు ఎక్కడ పెట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

5. ఇప్పుడు జాకీని ఇంజను కింద పెట్టాలి. ఇంజను కింద నూనె తొట్టి ఉంటుంది. అది పలచటి రేకు. జాకీ నేరుగా ఆనితే సొట్ట పడుతుంది. అందుకే మధ్యలో వెడల్పాటి, మందపాటి చెక్క పెట్టాలి. కొన్ని బండ్లలో తొట్టికి అసలు ఆనించకూడదు. అదీ పుస్తకంలో చూసుకోవాలి. ఇంజను బరువు జాకీ మీదికి వచ్చేంత వరకే లేపాలి.

6. ఒకసారి ఒక మౌంటింగే విప్పాలి. మిగతావి ఇంజనును చోటు కదలకుండా పట్టి ఉంచుతాయి. ఏ బోల్టు ఏ రంధ్రంలోదో కాగితం మీద రాసుకోవాలి. ఫోను ఉంటే ఫొటో తీసుకోవాలి.

7. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎత్తు, రంధ్రాలు ఒకేలా ఉండాలి.

8. కొత్తదాన్ని పెట్టి బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పాలి. రంధ్రాలు కలవకపోతే జాకీని కొంచెం పైకో కిందికో తిప్పాలి. రంధ్రంలో వేలు పెట్టి చూడకూడదు. ఇంజను కదిలితే వేలు తెగుతుంది.

9. జాకీని మెల్లగా దించాలి. ఇంజను బరువు రబ్బరు మీదికి వచ్చిన తరువాతే బోల్టులు పూర్తిగా బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. ఎంత బిగించాలో కంపెనీ లెక్క ఉంటుంది. ఆ లెక్క చూపే పానా లేకపోతే మెకానిక్కు చేత చివరి బిగింపు వేయించాలి.

10. నల్ల వైరు తగిలించాలి. కిందున్న సామాను అంతా తీసేయాలి. అప్పుడే బండి స్టార్టు చేయాలి.

ఒక్క మాట మరవకూడదు

నాలుగో పని దగ్గర భర్త తొందరపడ్డాడు. "స్టాండ్లు ఎవరు తెస్తారు? రెండు నిమిషాల పని. జాకీ ఉంది గదా!" అంటూ కిందికి వంగాడు.

ఆమె ఆయన భుజం పట్టి ఆపింది. "జాకీ జారితే రెండు నిమిషాలు కూడా పట్టదు. స్టాండ్లు వచ్చేదాకా కిందికి పోవద్దు. ఈ పూట కిరాయి పోతే పోనీ" అంది.

ఆయన పోయి తెలిసిన మెకానిక్కు దగ్గర స్టాండ్లు అడిగి తెచ్చాడు. పని గంట ఆలస్యమైంది. అంతే.

జాకీ బండిని లేపడానికే. మనిషి ప్రాణాన్ని దాని మీద ఆనించకూడదు. ఇటుకలు, రాళ్లు పేర్చి స్టాండు అనుకోకూడదు. ఇటుక ఉన్నట్టుండి పగులుతుంది. స్టాండ్లు దొరకకపోతే పని మానుకోవాలి. కొన్ని మౌంటింగులలో రబ్బరు బుష్షును మిషనుతో నొక్కి దించాలి. అలాంటివి కూడా మెకానిక్కు షెడ్డులోనే చేయించాలి. పగిలిన రబ్బరులో ట్యూబు ముక్కలు కూరడం, తీగతో కట్టడం మంచిది కాదు.

సాయంత్రం బండి స్టార్టు చేశారు. సీటు వణకలేదు. గేరు వేస్తే "టక్" మనలేదు. ఆమె నోటుపుస్తకం తీసి తేదీ రాసింది. మౌంటింగు అంకె రాసింది. మీటరులో ఉన్న కిలోమీటర్లు చూసి రాసింది. కింద ఇంకో మాట రాసింది: "నాలుగు రోజులు తిరిగాక బోల్టులు మళ్లీ చూడాలి."

బండి నడిపేది ఎవరైనా, దాని లెక్క తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుండాలి.

చెప్పండి – రాయండి

1. మీ ఇంట్లో రబ్బరు కాళ్లున్న వస్తువులు ఏవి? వాటి కాళ్లు ఎలా ఉన్నాయో చూడండి.

2. బోల్టులు ఎప్పుడు పూర్తిగా బిగించాలి? ఎందుకు?

3. జాకీ ఉన్నా స్టాండ్లు ఎందుకు కావాలి? మీ ఇంట్లో బండి ఉంటే అందరికీ చెప్పండి.